డాష్‌బోర్డు మాట, మీటరు మాట: కరెంటు కారు లెక్కలపై మీ ప్రశ్నలు

కరెంటు కారు వాడేవాళ్ళు ఛార్జింగ్, మైలేజీ, ఖర్చు లెక్కలు ఎలా రాసుకుంటున్నారో, ఎక్కడ తికమక పడుతున్నారో రాయమని కిందటి సంచికలో అడిగాం. రాశారు, బాగానే రాశారు. ఒకే సందేహాన్ని పదిమంది పది రకాలుగా అడిగితే ఒకటిగా కలిపేశాను, పొడుగు ఉత్తరాలు కొంచెం కుదించాను, పేర్లు వెయ్యలేదు. యూనిట్ అన్న చోటల్లా కిలోవాట్ అవర్ (వెయ్యి వాట్ అవర్లు) అనుకోండి, కరెంటు బిల్లులో ఉండే యూనిట్ అదే. ధరలు ఊరికో రకంగా ఉంటాయి కాబట్టి డబ్బు అంకెలు వెయ్యకుండా రెట్లలోనే చెప్తాను, మీ ధర మీరు పెట్టి గుణించుకోండి.

ప్రశ్న: నా కారు తెర మీద కిలోమీటరుకు 142 వాట్ అవర్లు అని చూపిస్తోంది. గోడ దగ్గర పెట్టించిన మీటరుతో నెల మొత్తం లెక్క వేస్తే 165 వస్తోంది. కారు అబద్ధం చెబుతోందా, మీటరు చెడిపోయిందా?

జవాబు: రెండూ నిజమే చెబుతున్నాయి. కాకపోతే ఒక్కోటి ఒక్కో చోట కూర్చుని లెక్కపెడుతోంది. కారు తెర బ్యాటరీలోంచి బయటికి వచ్చిన కరెంటును లెక్కపెడుతుంది, గోడ మీటరు మీ ఇంటి వైర్లలోంచి బయటికి వెళ్ళినదాన్ని లెక్కపెడుతుంది. ఈ రెంటికీ మధ్యలో పోయేది పోతూనే ఉంటుంది. ఇంటి కరెంటు ఏసీ (గదిలో ఉండే ఏసీ కాదు, ఆల్టర్నేటింగ్ కరెంట్), బ్యాటరీకి కావలసింది డీసీ (డైరెక్ట్ కరెంట్). దాన్ని మార్చే ఆన్‌బోర్డ్ ఛార్జర్ కారులోనే ఉంటుంది, మార్చేటప్పుడు కొంత వేడిగా పోతుంది, కేబుల్‌లో కొంత, బ్యాటరీలో కొంత. వీటికి తోడు ఛార్జింగ్ జరుగుతున్నంతసేపూ కారు కంప్యూటర్లు, చల్లబరిచే పంపులు మేలుకునే ఉంటాయి. ప్లగ్ తియ్యకముందే క్యాబిన్ చల్లబరుచుకుంటే అదీ గోడ మీటరు ఖాతాలోకే వెళుతుంది.

మీ 142ను 165తో భాగిస్తే 0.86 వస్తుంది. అంటే గోడ నుంచి నూరు యూనిట్లు లాగితే 86 ప్రయాణానికి పనికొచ్చాయి. ఇంటి ఛార్జింగ్‌లో 10 నుంచి 15 శాతం పోవడం మామూలే కాబట్టి మీ మీటరుకు ఏ జబ్బూ లేదు.

ఒక్కటి గమనించండి. మామూలు సాకెట్‌కి పెట్టి మెల్లగా ఛార్జ్ చేస్తే నష్టం తక్కువని చాలామంది అనుకుంటారు, ఇక్కడ అది తిరగబడుతుంది. ఛార్జింగ్ సమయంలో కారు తన అవసరాలకి 300 వాట్లు వాడుకుంటుందనుకుందాం. సాకెట్ నుంచి 2.3 కిలోవాట్లు వస్తుంటే అందులో 13 శాతం అక్కడికక్కడే ఖర్చు. అదే 7 కిలోవాట్ల వాల్ ఛార్జర్ అయితే అవే 300 వాట్లు నాలుగు శాతమే. 40 యూనిట్లు లాగడానికి సాకెట్ మీద 17 గంటలు పైగా పడుతుంది, ఆ సమయమంతా మేలుకుని ఉండడానికే ఐదు యూనిట్లు పోతాయి. వాల్ ఛార్జర్ అయితే ఆరు గంటల్లోపే అయిపోతుంది, రెండు యూనిట్ల లోపు పోతుంది. అలాగని ఈ మూడు యూనిట్ల కోసం రేపే వాల్ ఛార్జర్ పెట్టించెయ్యకండి. నెలకు ఎన్నిసార్లు ఛార్జ్ చేస్తారో దానితో గుణించి, పెట్టించే ఖర్చు ఎన్నేళ్ళకి తిరిగొస్తుందో చూసుకోండి. తక్కువ తిరిగేవాళ్ళకి అది కారు మార్చే లోపు రాకపోవచ్చు.

ఇంకో మాట, బ్రోషర్ చూసి తలపట్టుకునేవాళ్ళ కోసం. కార్ల వాడకాన్ని, రేంజ్‌ని (ఒక ఛార్జికి వెళ్ళే దూరాన్ని) కొలిచే యూరప్ డబ్ల్యూఎల్‌టీపీ పరీక్షలో గానీ అమెరికా ఈపీఏ పరీక్షలో గానీ కరెంటు వాడకం అని చూపించే అంకెలో ఛార్జింగ్ నష్టం కలిపే ఉంటుంది. అందుకే ఆ వాడకాన్ని రేంజ్‌తో గుణిస్తే బ్యాటరీ సైజు కంటే ఎక్కువ తేలుతుంది. ఇంత బ్యాటరీలోంచి అంత కరెంటు ఎలా వచ్చిందా అని కంగారు పడనక్కర్లేదు.

ఖర్చు లెక్కకి మాత్రం ఎప్పుడూ గోడ మీటరు అంకే పట్టుకోండి. బిల్లు కట్టేది దానికే కదా.

ప్రశ్న: కారు కొన్న ఉత్సాహంలో 14 గడులతో స్ప్రెడ్‌షీట్ మొదలుపెట్టాను. టైరు గాలి, బయట ఎండ, ఎంతమంది ఎక్కారు, అన్నీ రాశాను. మూడో నెలకి విసుగొచ్చి వదిలేశాను. అసలు ఏవి రాస్తే చాలు?

జవాబు: నేనూ అదే చేశాను, నాది 17 గడులు. మీరు నా కంటే నయం.

ఇప్పుడు నేను రాసేవి: తేదీ, ఓడోమీటరు, ప్లగ్ పెట్టినప్పుడు బ్యాటరీ శాతం, తీసినప్పుడు శాతం, మీటరు ప్రకారం యూనిట్లు, కట్టిన డబ్బు, ఇల్లా బయటా. ఇంతే. ఒక్కోసారి పక్కన ఒక ముక్క, 'హైవే' అనో 'వాన' అనో. కిలోమీటరుకు ఎంత, యూనిట్‌కి ఎంత అనేవి రాసుకోవలసినవి కావు, ఉన్న అంకెల్లోంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు.

అయితే ప్రతి ఛార్జింగ్‌కీ విడిగా మైలేజీ తియ్యాలని చూస్తే దెబ్బతింటారు. తెర మీద శాతం పూర్ణాంకాల్లోనే కనపడుతుంది, 63 అంటే 62.6 కావచ్చు, 63.4 కావచ్చు. 10 శాతం మాత్రమే ఎక్కించినప్పుడు అటో శాతం ఇటో శాతం తేడా వస్తే లెక్కలో పదో వంతు తప్పు. రోజువారీ మైలేజీ ఒకరోజు 8, మర్నాడు 5.5 అని ఎగిరెగిరి పడడానికి సగం కారణం ఇదే. అదే నెల మొత్తం మీద 300 యూనిట్లు ఎక్కించి ఉంటే, మొదటి రోజు, ఆఖరి రోజు శాతాల్లో తేడా ఒకటో రెండో ఉన్నా లెక్క చెదరదు. పాత పెట్రోలు కారుకి ట్యాంకు ఫుల్ చేయించి మళ్ళీ ఫుల్ చేయించే దాకా తిరిగి మైలేజీ చూసేవాళ్ళం గుర్తుందా, ఇదీ అదే పద్ధతి. నెల మొదట్లో 80 శాతం దగ్గర ఓడోమీటరు రాసుకోండి, నెలాఖరుకి మళ్ళీ 80కి తెచ్చి ఓడోమీటరు రాయండి, మధ్యలో ఎక్కించిన యూనిట్లన్నీ కూడండి. తిరిగిన కిలోమీటర్లను ఆ యూనిట్లతో భాగిస్తే వచ్చేదే మీ అసలు మైలేజీ.

మరి శాతాలు ఎందుకు రాయడం అంటారా? అలవాట్లు పట్టుకోవడానికి. మైలేజీకి అవి పెద్దగా అక్కర్లేదు. మొదటి ఆరు నెలల పద్దు ఒకసారి తీరిగ్గా చూసుకుంటే నాకే సిగ్గేసింది. బయట ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ఆగినవాటిలో ఎక్కువ భాగం బ్యాటరీ 50 పైన ఉండగా పెట్టినవి, అదీ ఇంటికి వెళ్ళే దారిలో, ఇల్లు 30 కిలోమీటర్లు కూడా లేని చోట. అవసరం లేదు, భయం. ఇంటి ధరకి రెండు మూడు రెట్లు పెట్టి భయం పోగొట్టుకున్నానన్నమాట. ఇది ఏ యాప్ చెప్పలేదు, ఆ రెండు గడులే చెప్పాయి.

ప్రశ్న: నాకూ మా వారికీ పందెం. వెళ్ళేటప్పుడు 100 కిలోమీటర్లు యూనిట్‌కి 8 చొప్పున వచ్చింది, వచ్చేటప్పుడు ఎదురుగాలి వల్ల అవే 100 కిలోమీటర్లకి యూనిట్‌కి 5 వచ్చింది. సగటు ఆరున్నర అంటారాయన. కాదని నేను. ఎవరిది కరెక్ట్?

జవాబు: మీదేనమ్మా. వెళ్ళేటప్పుడు 12.5 యూనిట్లు, వచ్చేటప్పుడు 20. మొత్తం 200 కిలోమీటర్లకి 32.5 యూనిట్లు, అంటే 6.15. 'యూనిట్‌కి ఇన్ని కిలోమీటర్లు' అనే అంకెల్ని ఎప్పుడూ కూడి రెండుతో భాగించకూడదు, దూరాలు సమానంగా ఉన్నప్పుడు అలా తీసిన సగటు ఉన్నదానికన్నా అందంగా కనపడుతుంది. కిలోమీటరుకు ఇన్ని వాట్ అవర్లు అనే పద్ధతిలో చూస్తే, దూరం సమానమైతే, మామూలు సగటు సరిపోతుంది: 125, 200, సగటు 162.5. మీ వారు ఒప్పుకోలేదంటే ఈ పేజీ చూపించండి.

ప్రశ్న: ఇంట్లో చౌక, బయట ప్రియం అని తెలుసు. నేను బయట పెట్టేది చాలా తక్కువ, అయిదో వంతు కూడా ఉండదు. అయినా ఖర్చు అనుకున్నదానికంటే ఎక్కువ తేలుతోంది. ఎక్కడ తేడా?

జవాబు: ఆ అయిదో వంతులోనే. ఇంటి యూనిట్ ధర 1 అనుకోండి, బయట ఫాస్ట్ ఛార్జర్ 3 అనుకోండి. నూటికి 80 యూనిట్లు ఇంట్లో, 20 బయట. ఇంటి ఖర్చు 80, బయటి ఖర్చు 60. కరెంటులో అయిదో వంతే, డబ్బులో మాత్రం దాదాపు 43 శాతం. అందుకే 'నా కారు కిలోమీటరుకు ఇంత' అని ఒక్క అంకె చెప్పేవాళ్ళని నేను నమ్మను, ఇంటి పాలు ఎంతో చెప్పకపోతే ఆ అంకెకి అర్థం లేదు.

ఇక ఇంటి ధర దగ్గరే చాలామంది తప్పు వేస్తారు. బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి సగటు ధర తీస్తారు. వాడకం పెరిగేకొద్దీ ధర పెరిగే స్లాబులు ఉన్న చోట ఇది తప్పు లెక్క. ఫ్యాన్లు, ఫ్రిజ్ కారు లేకపోయినా తిరిగేవే, కింది స్లాబులు వాటికే అయిపోతాయి. కారు వచ్చాక కలిసిన యూనిట్లు పై స్లాబులో పడతాయి. కారుకి పడే ధర ఆ పై స్లాబుదే. కారు లేని నెల బిల్లు, ఉన్న నెల బిల్లు పక్కపక్కన పెట్టి, పెరిగిన డబ్బుని పెరిగిన యూనిట్లతో భాగించండి, నిజం తెలుస్తుంది. (ఎండాకాలం బిల్లుని చలికాలం బిల్లుతో పోల్చకండి, కిందటేడు అదే నెలతో పోల్చండి.) పగలు ఒక ధర, రాత్రి ఒక ధర ఉన్న చోట వ్యవహారం వేరు, రాత్రి ధర తక్కువైతే కారుని అర్ధరాత్రి తర్వాత మొదలయ్యేలా టైమర్ పెట్టుకుంటే చాలు, మెల్లగా నడపకుండానే పొదుపు అవుతుంది.

ఇంటి మీద సోలార్ ఉన్నవాళ్ళు కొందరు 'మాకు కారు ఉచితం' అని రాశారు. కొంచెం ఆగండి. ఆ యూనిట్‌ని కారులో పొయ్యకపోతే గ్రిడ్‌కి అమ్మేవారు కదా, అమ్మితే ఎంత వచ్చేదో అదే మీ కారుకి పడ్డ ధర. అమ్మే వీలే లేకపోతే, పగటి కరెంటు వృథాగా పోయేదైతే, అప్పుడు ఉచితమనండి, ఒప్పుకుంటాను.

బయటి ఛార్జింగ్ బిల్లులో యూనిట్ ధర ఒక్కటే చూడకండి. సెషన్ ఫీజు, పార్కింగ్, ఛార్జింగ్ అయిపోయాక కారు తియ్యకపోతే వేసే నిమిషాల రుసుము, ఇవన్నీ కలిపి కట్టిన మొత్తమే రాయండి. కొన్నిచోట్ల యూనిట్లకి కాక నిమిషాలకి డబ్బు తీసుకుంటారు, అలాంటి చోట 80 శాతం దాటాక కూర్చోవడమంటే డబ్బు పారబొయ్యడమే, ఎందుకంటే అక్కణ్ణుంచి బ్యాటరీ తీసుకునే వేగం బాగా పడిపోతుంది, నిమిషాలు మాత్రం అదే వేగంతో నడుస్తాయి. ఫాస్ట్ ఛార్జర్‌కి న్యాయం చేస్తూ ఒక మాట కూడా చెప్పాలి. అక్కడ ఏసీని డీసీగా మార్చే పని స్టేషనే చేస్తుంది, ఆన్‌బోర్డ్ ఛార్జర్‌తో పని ఉండదు. స్టేషన్ మీటరు డీసీ వైపు లెక్కపెట్టేదైతే ఆ మార్పిడి నష్టం మీ లెక్కలోకి రాదు. కాబట్టి ఇంటి యూనిట్‌నీ దాన్నీ ముఖాముఖి పోల్చేటప్పుడు ఇంటి ధరని 1.15తో గుణించి పోల్చడం సబబు. తేడా కొంచెం తగ్గుతుంది, అంతకంటే ఏం కాదు.

ప్రశ్న: పెట్రోలు కారుతో పోల్చి ఎంత మిగులుతోందో ఒక్క ముక్కలో చెప్పే సూత్రం ఏదైనా ఉందా?

జవాబు: ఉంది. మీ పాత కారు లీటరుకు ఇచ్చిన కిలోమీటర్లను కొత్త కారు గోడ మీటరు లెక్కన యూనిట్‌కి ఇచ్చే కిలోమీటర్లతో భాగించండి. పాతది 15, కొత్తది 6 అయితే రెండున్నర. అంటే రెండున్నర యూనిట్ల ధర లీటరు పెట్రోలు ధర కంటే తక్కువగా ఉన్నంతకాలం మీకు లాభం. బయటి ఫాస్ట్ ఛార్జర్ దగ్గర నిలబడి కూడా నోటితో వేసుకోగలిగిన లెక్క. ఇది ఇంధనం ఖర్చు మాత్రమే సుమండీ. ఆయిల్ మార్పిడి లేదు, బ్రేకులు మెల్లగా అరుగుతాయి, సరే. కానీ బ్యాటరీ బరువుకి, నొక్కగానే వచ్చే టార్క్‌కి టైర్లు త్వరగా అరగొచ్చు, ఇన్సూరెన్స్ ఎక్కువ పడొచ్చు, అమ్మేటప్పుడు ఎంత వస్తుందనేది అన్నిటికంటే పెద్ద అంకె. 'మిగిలింది' అని ఇంట్లో ప్రకటించే ముందు వాటికీ ఒక గడి ఉంచండి.

ప్రశ్న: రీజెన్‌తో (బ్రేకు వేసినప్పుడు మోటారే కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపడం) తిరిగొచ్చిన కరెంటును లెక్కలో ఎక్కడ రాయాలి? జమ వైపేనా?

జవాబు: ఎక్కడా రాయొద్దు. బ్రేకు వేసినప్పుడు తిరిగొచ్చింది మీరు అంతకుముందు వేగం పెంచడానికి పెట్టిన కరెంటులో ఒక భాగమే, గోడ నుంచి మళ్ళీ లాగలేదు కాబట్టి మీ మైలేజీలో అది ఇప్పటికే కలిసిపోయి ఉంది. విడిగా జమ వేస్తే ఒకే డబ్బుని రెండుసార్లు లెక్కపెట్టినట్టు.

ప్రశ్న: నాకు రోజూ ఆఫీసుకి 5 కిలోమీటర్లే. అయినా చలికాలంలో మైలేజీ ఘోరంగా పడిపోయింది. మా తమ్ముడు రోజూ 80 కిలోమీటర్లు తిరుగుతాడు, అదే కారు, అదే చలి, అతనికి అంత పడలేదు. డ్రైవింగ్ తేడానా?

జవాబు: మీ డ్రైవింగ్‌ని అనకండి పాపం. తేడా దూరంలో ఉంది. చల్లగా ఉన్న క్యాబిన్‌ని మొదట వెచ్చబరచడానికి హీటరు 3 కిలోవాట్లు లాగుతుందనుకుందాం. 10 నిమిషాలకి అర యూనిట్. దాన్ని మీ 5 కిలోమీటర్లకి పంచితే కిలోమీటరుకు 100 వాట్ అవర్లు అదనం, మామూలు వాడకం 150 అనుకుంటే అది 250 అయిపోయింది. మీ తమ్ముడిదీ అదే అర యూనిట్, కానీ 80 కిలోమీటర్లకి పంచుకుంటున్నాడు, కిలోమీటరుకు 6 కంటే కొంచెమే ఎక్కువ పడుతుంది. ఆ తర్వాత వెచ్చదనం నిలబెట్టడానికి గంటకి ఒక యూనిట్ అయినా కూడా అతనికి 20 దాటదు. దీనికి తోడు చలిలో బ్యాటరీ లోపలి రసాయన చర్యలు మందగిస్తాయి, రీజెన్ కూడా సరిగా పనిచెయ్యదు, మీ బ్యాటరీ వేడెక్కేలోపే ఆఫీసు వచ్చేస్తుంది. హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చే యంత్రం) ఉన్న కార్లకి బాధ తక్కువ. సీటు హీటరు ఉంటే వాడండి, గాలిని వేడిచెయ్యడం కంటే వీపుని వేడిచెయ్యడం చాలా చౌక. బయల్దేరేముందు ప్లగ్‌లో ఉండగానే వెచ్చబరుచుకుంటే తెర మీద మైలేజీ బాగుపడుతుంది, గోడ మీటరు మీద మాత్రం పెద్దగా మారదు. మొదటి జవాబు చదివినవాళ్ళకి ఎందుకో తెలుసు.

అయినా రోజుకి 5 కిలోమీటర్లంటే, కిలోమీటరుకు ఎంత పడినా నెలకి పడేది ఎంతని? శాతం చూసి కంగారు పడ్డారు గానీ మీ నెల బిల్లు మీ తమ్ముడి వారం బిల్లంత కూడా ఉండదు.

ఇదే సందర్భంలో వేగం గురించి అడిగినవాళ్ళకి కూడా. గాలిని చీల్చుకు వెళ్ళడానికి కిలోమీటరుకు పట్టే శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 110కి వెళితే వేగం పెరిగింది ముప్పావు వంతు కాదు, సగం కూడా కాదు, మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. గాలి ఖర్చు మాత్రం 1.9 రెట్లు. మామూలు సైజు కారుకి 80లో గాలి కోసం కిలోమీటరుకు 55 వాట్ అవర్లు పోతుంటే 110లో 100 దాటుతుంది. ఊళ్ళో యూనిట్‌కి 8 ఇచ్చిన కారు హైవే మీద 5.5 ఇస్తే కారు పాడైందని సర్వీసుకి పరిగెత్తకండి. టైర్లలో గాలి ఒకసారి చూసుకోండి, అది తగ్గినా ఇదే లక్షణం.

ప్రశ్న: కారు కొత్తలో 100 శాతానికి 320 కిలోమీటర్లు చూపించేది, ఇప్పుడు 290. రెండేళ్ళకే బ్యాటరీ 10 శాతం పోయినట్టేనా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ 290 మీ బ్యాటరీ గురించి చెప్పడం లేదు, ఈమధ్య మీరు ఎలా తిరిగారో చెబుతోంది. చాలా కార్లలో రేంజ్ అనే అంకె, మిగిలిన కరెంటుని మీ ఇటీవలి వాడకంతో భాగిస్తే వచ్చే కాకిలెక్క. వారం రోజులు హైవే మీద తిరిగితే తగ్గుతుంది, వారం ఊళ్ళో మెల్లగా తిరిగితే మళ్ళీ పెరుగుతుంది.

బ్యాటరీ సంగతి తెలుసుకోవాలంటే ఇలా చెయ్యండి. ఏదైనా దూరప్రయాణం ఉన్నప్పుడు 100 శాతంతో బయల్దేరి, మధ్యలో ఛార్జ్ చెయ్యకుండా, 10 శాతం దగ్గరికి వచ్చేదాకా నడిపి, తెర మీద ఆ ట్రిప్పుకి ఎన్ని యూనిట్లు వాడిందో చూడండి. 90 శాతానికి 41 యూనిట్లు వాడితే, 41ని 0.9తో భాగిస్తే 45.6. అదీ మీ బ్యాటరీలో ఇప్పుడు వాడుకోదగ్గ సైజు. బ్రోషర్‌లో ఉండే పెద్ద అంకెతో దీన్ని పోల్చొద్దు. బ్యాటరీ మొత్తం సైజు వేరు, వాడుకోనిచ్చేది వేరు, అడుగునా పైనా కొంత తాళం వేసి ఉంచుతారు. మీ కొలతని ఆర్నెల్ల తర్వాత మీ కొలతతోనే, సుమారు అదే వాతావరణంలో పోల్చండి. ఒక్క కొలత చూసి ఏమీ తేల్చెయ్యకండి.

మీది ఎల్ఎఫ్‌పీ బ్యాటరీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) అయితే ఇంకో చిక్కు. దాని వోల్టేజి మధ్యలో చాలాదూరం దాదాపు సమంగా ఉంటుంది, దాంతో కారుకే శాతం సరిగా అంచనా దొరకదు. అందుకే వాటిని అప్పుడప్పుడు 100 దాకా ఎక్కించమంటారు, అలా ఎక్కించినప్పుడల్లా కారు తన లెక్క సరిచూసుకుంటుంది. నికెల్ రకం బ్యాటరీ అయితే రోజువారీకి 80 దగ్గర ఆపడం మంచి అలవాటు, నిండా ఎక్కించి ఎండలో రోజుల తరబడి వదిలెయ్యడం చెడ్డ అలవాటు. మీ మాన్యువల్ ఏం చెబితే అది చెయ్యండి, నా మాట దాని తర్వాతే.

చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల దాకా 70 శాతం సామర్థ్యం ఉండేలా వారంటీ ఇస్తాయి. మీ వారంటీ కాగితంలో మీకు వర్తించే అంకెలు చూసుకోండి. ఎప్పుడైనా వారంటీ అడగవలసి వస్తే ఆర్నెల్లకోసారి రాసిన ఈ కొలతలు చేతిలో ఉండడం మంచిది, '290 చూపిస్తోందండీ' అంటే ఎవరూ పట్టించుకోరు.

ప్రశ్న: వారం ఊరెళ్ళి వచ్చేసరికి కదలకుండా ఉన్న కారులో 14 శాతం పోయింది. నాది 60 యూనిట్ల బ్యాటరీ. నేను ఓబీడీ డాంగిల్ (కారు సమాచారం చదివే చిన్న పరికరం) పెట్టి, ఫోన్ యాప్‌లో రోజూ నాలుగైదుసార్లు చూస్తూనే ఉన్నాను, రోజుకి రెండు శాతం చొప్పున పోతూనే ఉంది.

జవాబు: దొంగ ఎవరో మీరే చెప్పారు.

ఆపి ఉంచిన కారు కాసేపటికి నిద్రపోతుంది, నిద్రలో చాలా తక్కువ తింటుంది. యాప్ తెరిచి శాతం ఎంతుందని అడిగినప్పుడల్లా చాలా కార్లు లేచి, కంప్యూటర్లు వెలిగించి, జవాబు చెప్పి, మళ్ళీ నిద్రపోవడానికి కొంత సమయం తీసుకుంటాయి. డాంగిల్ అలాగే వదిలేస్తే కొన్ని కార్లు సరిగా నిద్రే పోవు, పైగా చిన్న 12 వోల్టుల బ్యాటరీ కూడా దిగిపోవచ్చు. మీది 8.4 యూనిట్లు, ఏడు రోజులకి పంచితే సగటున ఎప్పుడూ ఒక 50 వాట్ల బల్బు వెలుగుతున్నట్టు. చుట్టూ ఎవరొస్తున్నారో కెమెరాలతో కాపలా కాసే సదుపాయం ఉండి అది వేసి వెళితే ఇంకా ఎక్కువ పోతుంది, 200 వాట్లు తీసుకునేదైతే రోజుకి దాదాపు 5 యూనిట్లు. ఈసారి డాంగిల్ పీకేసి, కాపలా ఆపేసి, యాప్ ముట్టుకోకుండా వారం ఉండి చూడండి. చివరిదే కష్టం, నాకు తెలుసు.

ప్రశ్న: పుస్తకంలో రాయడం నా వల్ల కాదు. మంచి యాప్ చెప్పండి.

జవాబు: కారుని బట్టి. టెస్లా ఉండి, ఇంట్లో చిన్న సర్వర్ నడిపే ఓపిక ఉంటే టెస్లామేట్ ఉంది, ఓపెన్ సోర్స్, డేటా మీ దగ్గరే ఉంటుంది. నిస్సాన్ లీఫ్ వాళ్ళకి లీఫ్‌స్పై. ఏ కారైనా సరే దూరప్రయాణాల ప్లానుకి 'ఏ బెటర్ రూట్‌ప్లానర్' అనే యాప్ ఉంది. నింపిన లెక్కలు రాసి మిగతావాళ్ళతో పోల్చుకోవాలంటే జర్మనీ వాళ్ళ స్ప్రిట్‌మానిటర్‌లో కరెంటు కార్లకీ చోటుంది. ఏ యాప్ అయినా కారు ఖాతా పాస్‌వర్డ్ అడిగితే ఆలోచించి ఇవ్వండి, మీరు ఎప్పుడు ఇంట్లో ఉండరో దానికి మీ కంటే బాగా తెలుస్తుంది. నెలకోసారి డేటాను ఫైలుగా దించుకునే వీలు లేని యాప్‌లో రెండేళ్ళ లెక్క దాచుకోకండి, అది మూతబడితే మీ పద్దూ దానితోపాటే పోతుంది.

ప్రశ్న: లెక్కలు రాయడం మొదలుపెట్టినప్పటి నుంచి కారులో ఏసీ వెయ్యబుద్ధి కావడం లేదు, వేస్తే మైలేజీ పడిపోతుందని ప్రాణం ఉసూరుమంటుంది. మా ఇంట్లోవాళ్ళు నా కారెక్కడం మానేసి బస్సులో వెళుతున్నారు.

జవాబు: ఎండలో కాగిన కారుని చల్లార్చే మొదటి కాసేపు వదిలేస్తే, ఏసీ గంటకి ఒక యూనిట్‌కి అటూఇటూగా తీసుకుంటుంది, చల్లబడ్డాక ఇంకా తక్కువ. రోజుకి గంట ప్రయాణం అనుకుంటే ఒక యూనిట్. మీ ఇంటి ధరతో గుణించండి, ఆ పక్కనే నలుగురి బస్సు టిక్కెట్లు కూడా రాయండి. తర్వాత ఏసీ వేసి వాళ్ళని పిలవండి, ముందు సీటు ఎవరికో వాళ్ళే తేల్చుకుంటారు.